గుమ్మం పట్టని ఊరు

పోయిన వారం పంటి నొప్పి భరించలేక నారాయణగూడలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరుచుకుని ఉండగా లోపలి గదిలోంచి ఒక ఘాటు వాసన వచ్చింది. కట్టుడు పళ్ళకి చిగుళ్ళు చేయడానికి గులాబీరంగు పొడిని ఏదో మందులో కలుపుతారు, ఆ వాసన. అది ముక్కుకి తగలగానే నాకొక రైల్వే స్టేషన్ గుర్తొచ్చింది. ప్లాట్‌ఫారం చివర కంచె మీద విరగబూసిన కాగితం పూలు గుర్తొచ్చాయి. చదివేవాళ్ళకి వింతగా ఉంటుందని తెలుసు, నేను చెప్పబోయే మనిషిని ఎరిగినవాళ్ళకి ఉండదు.

మీకు పళ్ళ సెట్లు ఎవరు చేస్తారని అసిస్టెంటుని అడిగాను.

"ఇంతకుముందు ఒక పెద్దాయన చేసేటోడు మేడం. పక్క గల్లీలనే ఆయన రూం. ఎండకాలంల పోయిండు. ఇప్పుడు లోపటనే చేస్తున్నం," అన్నాడు.

పన్ను పీకారు. నా కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. డాక్టరు కంగారుపడి "అయిపోయింది, అయిపోయిందమ్మా" అని ఓదార్చాడు. ఏడుపు పన్ను గురించి కాదని, నోట్లో అంత దూది పెట్టుకుని ఎలా చెప్పను?

ఆయన పేరు రాయను. రాసినా చాలామంది గుర్తుపట్టరు. నారాయణగూడ డాక్టర్లకి ఆయన పళ్ళ సారు, అశోక్‌నగర్‌లో మా వీధికి రైలు సారు. నేను మాత్రం బాబాయిగారూ అనేదాన్ని. మా కోస్తావాళ్ళకి అలా వరసలు కలిపేయడం అలవాటు. మొదటిసారి పిలిచినప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూసి, ఇంకెవరూ లేరని రూఢి చేసుకుని, "నన్నేనా?" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా "చెప్పు బిడ్డా" అనేవారు.

పొట్టి మనిషి. కనుబొమ్మల మీద ఎప్పుడూ తెల్లటి ప్లాస్టర్ పొడి, గోళ్ళ చివర్లలో గులాబీరంగు. రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా గొంతుక్కూర్చునేవారు. ఒక కన్ను మూసి, రెండో కంటితో ఎదురుగా ఉన్నదాన్ని నేలబారుగా చూసేవారు. అది గోడవార మొలిచిన గడ్డి కావచ్చు, కూలిన ప్రహరీ కావచ్చు, తుప్పు పట్టిన దుకాణం షట్టర్ కావచ్చు. చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల ముందు ఇలాగే కూర్చుంటే, పాపం కళ్ళు తిరిగాయనుకుని ఎవరో సోడా తెచ్చిచ్చారట. తాగి, దండం పెట్టి, మళ్ళీ ఒక కన్ను మూశారట.

ఎందుకలా చూస్తారో వాళ్ళింటి ముందుగదిలోకి వెళ్తే తెలిసేది. గదంతా ఒకటే బల్ల, డబుల్‌కాట్ కంటే పెద్దది. దాని మీద ఒక ఊరు. స్టేషను, గూడ్సు షెడ్డు, రైలుగేటు, బడి, కల్లు దుకాణం, చింతచెట్టు కింద మంగలి, ఒక పక్కన గుట్ట. వీటన్నిటి చుట్టూ తిరిగొచ్చే ఒంటి లైను, దాని మీద జానెడు ఇంజను, వెనక మూడు పెట్టెలు. నిలబడి చూసి "భలే బొమ్మలండీ" అన్నామో, ఇక అయిపోయామన్నమాటే.

"మీదికెల్లి చూస్తే బొమ్మ లెక్కనే కనవడ్తది. జర కింద కూసొని చూడున్రి," అనేవారు.

గడ్డం బల్ల అంచుకి ఆనించి చూస్తే ఊరు నిజంగానే పెద్దదైపోయేది. చింతచెట్టు మన నెత్తి మీదికి వచ్చేది. ఇంజను మలుపు తిరిగి మన మీదికే వస్తుంటే మా అమ్మ అంతటి మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

ఆ ఊరి సరంజామా అంతా ఇంట్లోనూ పనిలోనూ దొరికిందే. గుట్ట పళ్ళ అచ్చులు తీసే ప్లాస్టర్. కంచె మీది కాగితం పూలు చిగుళ్ళ పొడి. తాటిమట్టలు అరిగిపోయిన టూత్‌బ్రష్ కుచ్చులు. మనుషులొక్కళ్ళే విదేశాలవాళ్ళు, కోఠిలో ఒక పాత బొమ్మల దుకాణంలో డబ్బాల్లో దొరికారు. అందరూ దొరలూ దొరసానులే. ఈయన పళ్ళు గీకే సూదితో వాళ్ళ టోపీలు చెక్కేసి, పలచటి కాగితం జిగురులో తడిపి మగవాళ్ళకి పంచెలు కట్టారు, ఆడవాళ్ళకి చీరలు చుట్టారు. ఒక లావుపాటి దొర టోపీ మాత్రం ఎంత గీకినా ఊడిరాలేదు. "ఉండనీ, పెద్దాఫీసరు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిండు," అని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టారు. ఆ ఇన్‌స్పెక్షన్ నేనెరిగినంత కాలం జరుగుతూనే ఉంది.

పట్టాల కింద కంకరకి సరైన గింజ కోసం వంటింట్లో డబ్బాలన్నీ తీసి చూశారు. ఆవాలు పనికిరావన్నారు. "ఆవగింజంటె మా ఊర్ల గుమ్మడికాయ బిడ్డా," అని నాకు అరచేతిలో పెట్టి చూపించారు. చివరికి గసగసాలు ఖాయం చేసి, లైను పొడుగునా జిగురుతో అంటించి మురిసిపోయారు. వారం తిరక్కుండా చీమలు ఒక మూలనుంచి రైల్వే లైను ఎత్తుకుపోవడం మొదలుపెట్టాయి. వాళ్ళావిడ వంటింట్లోంచే, "మంచిగైంది. నా కూరల పడేటియి మీ కంకరల పడ్డయ్," అన్నారు. ఆ తర్వాత జల్లెడ పట్టిన ఇసుక వేశారు.

కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన్ని రైల్వేలో రిటైరయ్యాడనుకునేవారు. "రైల్వేల చేసినోడు ఇంటికొచ్చి మళ్ళ రైలు మొకం చూస్తడా?" అని నవ్వేవారు. స్టేషన్ బోర్డు మీద పేరు రాయలేదు. ఎందుకని అడిగితే, "పేరు పెడితె ఆ ఊరోళ్ళొచ్చి తప్పులు తీస్తరు," అనేవారు.

ఆయనకి కొత్తదనం గిట్టేది కాదు. కొత్త గూడ్సు పెట్టె చేతికొస్తే దానికి తుప్పు పట్టించడానికి ఆదివారాలకి ఆదివారాలు ఖర్చుపెట్టేవారు. ఇటుకపొడి, కాటుక, మురిగిన టీ డికాషన్, అన్నీ సన్నటి బ్రష్షుతో అద్దడం, తుడవడం, మళ్ళీ అద్దడం. "కొత్తగున్నదంటె ఎవ్వరు వాడలేదన్నట్టు. వాడని బండి బండేంది?" అనేవారు.

ఈ పిచ్చి వృత్తిలోకి కూడా పాకిందని మా అమ్మ పళ్ళ సెట్టుతో తెలిసింది. అమ్మకి పై వరస మొత్తం కట్టించాల్సి వచ్చింది. ముత్యాల్లాంటి పళ్ళొస్తాయని ఆశపడి కూర్చుంది. తీరా డబ్బా తెరిస్తే పళ్ళు లేత పసుపురంగులో ఉన్నాయి. అంచులు కాస్త అరిగినట్టున్నాయి. ముందు పన్ను పక్కది కొంచెం వాలింది.

"ఏవిటండీ ఇది? కొత్త పళ్ళు కావాలంటే పాతవి చేసిచ్చారా? ఎదురు డబ్బిచ్చి గారపళ్ళు పెట్టించుకోవాలా నేను?" అని అమ్మ ఇంతెత్తున లేచింది.

ఆయన నొచ్చుకోలేదు. అమ్మ ముందు నేల మీద గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, ఆ సెట్టు పెట్టించి చూశారు. "అక్కా, తెల్లటియి పెడితె మీరు నోరు తెరిచిన్రంటె అందరు పండ్లనే చూస్తరు. గివి పెట్టుకోన్రి, మిమ్మల్ని చూస్తరు. కొన్ని దినాలు చూడున్రి. నచ్చకుంటె తెల్లటియి చేసిస్త," అన్నారు.

అమ్మ అలిగి కొన్నాళ్ళు నోరు మూసుకుని ఉంది. మా ఇంట్లో అది చెప్పుకోదగ్గ సంఘటన. ఈలోగా తెనాలినుంచి పెద్దమ్మ వచ్చి, ఉండి, వెళ్ళేటప్పుడు ఆటో ఎక్కుతూ, "నా పళ్ళన్నీ ఊడిపోయాయి, నీవింకా గట్టిగానే ఉన్నాయే, అదృష్టవంతురాలివి," అంది. ఆ సాయంత్రమే అమ్మ గిన్నెడు పులిహోర కలిపి రైలు సారింటికి పంపింది. చివరిదాకా ఆ పళ్ళతోనే నవ్వింది మా అమ్మ.

వాళ్ళావిడని నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడకి మురికి అంటే పడదు. ఒక శ్రావణమాసం ఇల్లు కడుగుతూ, ఆయన నెలల తరబడి తుప్పు పట్టించిన గూడ్సు బండి మొత్తాన్ని సబ్బునీళ్ళలో ముంచి, తోమి, వరండాలో వరసగా ఆరబెట్టారు. సాయంత్రం ఆయన నారాయణగూడనుంచి వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏం చేసినవే?"

"కనవడ్తలేదా? కడిగిన. ఎంత మురికున్నదో, బకెట్ల నీళ్ళు నల్లగైనయ్."

ఆయన అరవలేదు. తళతళలాడుతున్న పెట్టెనొకదాన్ని చేతిలోకి తీసుకుని, చచ్చిపోయిన పిట్టని చూసినట్టు చూశారు. ఆ రోజునుంచి గుడ్డ పట్టుకుని ఆ గదిలోకి రాకూడదని కట్టడి చేశారు. "నాకేం పని ఆ గదిల?" అని ఆవిడ కూడా పంతం పట్టారు. ఆదివారాలు మేము బండి చూడటానికి వెళ్తే, టీ గ్లాసులు గుమ్మం బయటినుంచే అందించేవారు. ఆ ఊరంటే ఆవిడకి సరిపడదనే వీధిలో అందరం అనుకున్నాం.

అశోక్‌నగర్‌లో పాత ఇళ్ళన్నీ ఒకటొకటిగా హాస్టళ్ళూ, స్టడీ హాళ్ళూ అయిపోతున్న రోజుల్లో వాళ్ళిల్లు కూడా బిల్డరుకి వెళ్ళింది. అది అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు. ఈయన తన వాటాతో చిక్కడపల్లిలో రెండో అంతస్తులో ఒక పాత ఫ్లాట్ తీసుకున్నారు. సామాన్లు కదిలించే రోజున, అన్నీ బయటికొచ్చాక, బల్ల గుమ్మంలో పట్టలేదు.

ఎలా పడుతుంది? ఏళ్ళ తరబడి ఆ గదిలోనే ఒక్కో చెక్కా తెచ్చి మేకులు కొట్టి పెంచుకుంటూ పోయారు. కాళ్ళు ఊడదీస్తే ఊడతాయి కానీ, బల్లని పక్కకి వంచితే గుట్ట ఊడి స్టేషన్ మీద పడుతుంది. కోయడం తప్ప దారి లేదన్నారు అన్నదమ్ములు. ఆయన ఆ బల్ల పక్కనే నేల మీద కూర్చుండిపోయారు.

"కొయ్యనియ్య. కొయ్యాలంటె నేను ఇల్లు కదల," అన్నారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ మాట వీధిలోకి వినబడేలా అన్నారు. బిల్డరు మనుషులు బయట నిలబడి గొణుగుతున్నారు. నాకు ఆయన మీద జాలీ వచ్చింది, ఇంత చిన్న విషయం ముందే చూసుకోలేదేమని కోపమూ వచ్చింది.

ఎదురు హాస్టల్లో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళు గేటు దగ్గర గుంపుగా చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు, "సార్, ఇల్లు ఎట్లయినా కూలగొట్టేదే గద. ఈ గోడ ముందుగాల కూలగొడితే అయిపాయె," అన్నాడు. పరీక్షలో ఇలాంటి ప్రశ్న రాదు కానీ, వచ్చుంటే వాడికి ఆ పూటే ఉద్యోగం వచ్చేసేది.

గోడ పగలగొట్టారు. ఆ కుర్రాళ్ళే బల్లని భుజాలకెత్తుకున్నారు. అశోక్‌నగర్‌నుంచి చిక్కడపల్లికి వినాయకుడి ఊరేగింపులా బయల్దేరింది ఊరు. ఆటోలు ఆగాయి, బస్సు కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చాయి. ఈయన ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, "జర మెల్లగ బిడ్డా, మలుపున్నది" అంటూ చేతులూపుతున్నారు. ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. ఫ్లాట్లో ముందుగది అంగుళం అంగుళం కొలిచి పెట్టుకున్నారట, బల్ల సరిగ్గా సరిపోతుందట. దారంతా అదే చెప్పారు.

గది కొలిచారు. మెట్లు కొలవలేదు. గుమ్మమూ కొలవలేదు. మొదటి అంతస్తు మలుపులోనే బల్ల ఇరుక్కుంది. దించి మళ్ళీ రోడ్డు మీద పెట్టారు. పంటికీ చిగురుకీ మధ్య వెంట్రుకవాసి తేడా పట్టుకునే మనిషి, ఒకే పొరపాటు రెండుసార్లు చేశారు. ఈసారి పగలగొట్టడానికి గోడ మనది కాదు.

ముషీరాబాద్ వైపునుంచి మబ్బు పట్టింది. ప్లాస్టరూ, కాగితం చీరలూ, ఒక్క జల్లు పడితే మిగలవు. ఇస్త్రీబండి ఆయన తన టార్పాలిన్ ఇచ్చాడు కానీ అది సగం ఊరినే కప్పింది. వడ్రంగిని పిలుచుకొచ్చారు. అతను మిషన్ రంపం చేతిలో పట్టుకుని, "ఎక్కడ కొయ్యాలె సారూ?" అన్నాడు. ఈయన అరుగు మీద కూర్చుని తల అడ్డంగా తిప్పుతున్నారు. వడ్రంగి బద్ద పెట్టి బల్లకి అడ్డంగా తిన్నటి గీత గీయబోయాడు. ఆ గీత సరిగ్గా స్టేషన్ మధ్యలోంచి పోతుంది.

అప్పుడు పిన్నిగారు సామాన్ల మూటలోంచి ముగ్గురాయి తీసుకుని వచ్చారు.

"ఆగు. అట్ల కాదు," అని వంగి, ఆవిడే గీత మొదలుపెట్టారు. "ఇది బడి, దీని ఎనకనుంచి పోనియ్. ఇక్కడ బావికాడ ఇద్దరు ఆడోళ్ళున్నరు, జరపు. ఈ ఇంట్ల ముసలామె ఒక్కతే ఉంటది, కిటికీలకెల్లి చూస్తె కనవడ్తది. ఆమె జోలికి పోకు. గిక్కడ మంగలాయన... అటునుంచి రా."

"అమ్మా, రంపం పాము లెక్క తిరుగుతదా?" అన్నాడు వడ్రంగి.

"తిరుగుతది. పట్టాలు తెగితె అతకవెట్టుకుంటం. మనుషులున్న కాడ కొయ్యొద్దు."

ఆ కిటికీలో ముసలామె ఉందని మాకెవరికీ తెలియదు. ఇన్ని ఆదివారాలు గడ్డం ఆనించి చూసిన నాకూ తెలియదు. ఆయన నారాయణగూడ వెళ్ళాక, గుడ్డ లేకుండా ఖాళీ చేతులతో ఆవిడ ఆ గదిలో ఎంతసేపు కూర్చునేవారో అప్పుడర్థమైంది. బాబాయిగారు అరుగు మీదనుంచి లేచి ఆవిడనే చూస్తున్నారు. తర్వాత వడ్రంగి వైపు తిరిగి, "ఆమె చెప్పినట్టు కొయ్యి," అన్నారు. ఊళ్ళో ఒక్క మనిషికీ దెబ్బ తగలకుండా వానకి ముందే బల్ల రెండు ముక్కలై మెట్లెక్కింది.

పైన అతికించాక బల్ల బాగానే కూర్చుంది. పట్టాలే కూర్చోలేదు. ఇంజను దాటేది, ముందు పెట్టెలు దాటేవి, ఆఖరి పెట్టె అతుకు దగ్గర పడిపోయేది. అరగదీశారు, కింద కాగితం మడిచి పెట్టారు, వానాకాలం చెక్క ఉబ్బితే ఒకలాగా, ఎండాకాలం ఒకలాగా సరిచేశారు. ఏం చేసినా ఆఖరి పెట్టె పడేది. ఒక ఆదివారం నేనూ అమ్మా వెళ్ళాం. పెట్టె పడటం, ఆయన లేచి వెళ్ళి పెట్టడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, మళ్ళీ పడటం. మాకే ఇబ్బందిగా ఉంది. పిన్నిగారు వంటింట్లోంచి తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, అతుకు పక్కన చూపుడువేలు ఆనించి, "ఇగ రానియ్యిన్రి," అన్నారు.

ఇంజను వచ్చింది. ఆఖరి పెట్టె అతుకు మీద తూలి, ఆవిడ వేలికి ఒరిగి, నిలదొక్కుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ బండి నడవాలంటే ఇద్దరు కావలసి వచ్చేది. ఈ కొసన బండి నడిపే మీట దగ్గర ఆయన, ఆ కొసన స్టూలు మీద ఆవిడ. "వస్తున్నదా?" అని ఈయన. "ఊఁ" అని ఆవిడ. మధ్యలో మాట్లాడుకునేవి మామూలు మాటలే, పాలవాడు రాలేదని, నీళ్ళ మోటారు పాడైందని. "గార్డు దొరికింది బిడ్డా," అని నాతో మెల్లగా అన్నారొకసారి. పట్టాలు సరిచేయడం అప్పటితో మానేశారు.

అమ్మ పోయాక మేము ఉప్పల్ మారిపోయాం. రాకపోకలు తగ్గి, ఫోన్లు తగ్గి, చివరికి ఆయన పోయిన సంగతి పళ్ళ డాక్టరు దగ్గర తెలుసుకునేదాకా వచ్చింది. ఆ సాయంత్రం క్లినిక్‌నుంచి అటే ఆటో ఎక్కి చిక్కడపల్లి వెళ్ళాను. పిన్నిగారు తలుపు తీసి, నా వాచిన బుగ్గ చూసి, "పన్ను తీపిచ్చుకున్నవా? ఏం మాట్లాడకు, కూసో," అన్నారు. నేనేం పరామర్శించగలను? ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆవిడే చెప్పారు. నిద్రలోనే పోయారట. ఎవరో కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి బల్ల ఇస్తారా, జాగ్రత్తగా చూసుకుంటాం అని అడిగారట. ఇవ్వాలో వద్దో తేల్చుకోలేక, రేపు రమ్మని, రేపు రమ్మని తిప్పుతున్నారట.

"నడవని బండి పెట్టుకొని ఏం చెయ్యాలె, చెప్పు. నేను ఒక్కదాన్ని. మీటకాడ కూసుంటె అతుకు అందది. అతుకుకాడ కూసుంటె మీట అందది. ఆయన పోయిననాటినుంచి టేషన్లనే నిలవడ్డది."

నేను లేచి ముందుగదిలోకి వెళ్ళి మీట దగ్గర ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ ఒక్క క్షణం గుమ్మంలో నిలబడి, తర్వాత లోపలికి వచ్చి, స్టూలు జరుపుకుని, అతుకు పక్కన వేలు ఆనించారు. వస్తోందా అని అడగాలి నేను. దూది అడ్డం. ఆవిడే "ఊఁ" అన్నారు.

మీట తిప్పాను. బండి కదిలింది. గుట్ట వెనక్కి వెళ్ళి, బడి దాటి, అతుకు దగ్గరికొచ్చింది. ఇంజను దాటింది, పెట్టెలు దాటాయి, ఆఖరి పెట్టె తూలి ఆవిడ వేలికి ఒరిగి దాటింది. ఊరు చుట్టి వచ్చి స్టేషన్లో ఆగింది.

బండి ఆగి చాలాసేపైనా పిన్నిగారు వేలు తియ్యలేదు.